ఊరి పన్ను, ఊరి ప్లాను, ఊరి కౌన్సిల్: తాళంచెవులు ఎవరి దగ్గర?

షట్టరు కింద సందులోంచి లోపలికి తోసిన ఆస్తి పన్ను నోటీసు మీద ఊరి మునిసిపాలిటీ పేరే ఉంటుంది. కమిషనర్ సంతకం, వార్డు నంబరు, అసెస్‌మెంట్ నంబరు అన్నీ ఊరివే. పన్ను ఒక్కసారిగా పెరిగిందని గాభరాపడిన వ్యాపారి ముందుగా వెళ్లేది కౌన్సిలర్ ఇంటికి. "మన చేతిలో ఏముందన్నా, పైనుంచి జీవో వచ్చింది" అని జవాబొస్తుంది. తప్పించుకోవడానికి చెప్పిన మాటలా వినిపిస్తుంది గానీ, అందులో చాలావరకు నిజమే ఉంది.

భవన నిబంధనలు, దుకాణాల మీద ఆస్తి పన్ను, ఎన్నికైన పాలకవర్గం. ఈ మూడూ ఊరి వ్యవహారాలుగానే మనకు కనిపిస్తాయి. నిబంధన రాసేది రాష్ట్ర ప్రభుత్వం. పన్ను లెక్కకు సూత్రం ఇచ్చేదీ అదే. కౌన్సిల్ ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో ఆచరణలో తేల్చేదీ అదే. ఈ మూడింటినీ వేర్వేరుగా చూస్తే చిక్కుముడి విడదు. ఒక విభాగం ఉల్లంఘన అని రాసుకున్నది పక్క విభాగానికి ఆదాయంగా మారుతుంది. అసలు ముడి అక్కడే పడింది.

"ఇవ్వవచ్చు" అనే మాట

1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూల్‌లో 18 అంశాలున్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. అంటే మన వీధిలో ఎన్ని అంతస్తులు లేవాలి, ఎంత ఖాళీ వదలాలి అన్నది పట్టణ స్థానిక సంస్థలకు తగిన పనేనని రాజ్యాంగం గుర్తించింది. అయితే ఆ అధికారాలను అప్పగించే 243 డబ్ల్యూ అధికరణం రాష్ట్ర శాసనసభ వాటిని "ఇవ్వవచ్చు" అంది. ఇచ్చి తీరాలని అనలేదు. పన్నులు వేసే అధికారం గురించి చెప్పిన 243 ఎక్స్ అధికరణమూ అంతే. ముప్పై ఏళ్లకు పైగా మన పట్టణాల పాలన ఆ ఒక్క మాట మీద నడుస్తోంది.

అసలు చట్టాలు అంతకంటే పాతవి. హైదరాబాద్‌కు 1955 నాటి నగరపాలక చట్టం ఇప్పటికీ పునాది. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీలకు 1965 చట్టం ఉంది. తెలంగాణలో హైదరాబాద్ తప్ప మిగతా పట్టణాలకు 2019లో కొత్త చట్టం వచ్చింది. కమిషనర్‌ను ప్రభుత్వం పంపుతుంది. అతని బదిలీ, పదోన్నతి కౌన్సిల్ చేతిలో లేవు. చట్టానికి విరుద్ధమని తోస్తే కౌన్సిల్ చేసిన తీర్మానాన్ని ప్రభుత్వం నిలిపివేయగలదు, రద్దు చేయగలదు. మేయర్ మెడలో దండ ఉంటుంది, ఫైలు కమిషనర్ బల్ల మీద ఉంటుంది.

దుకాణం పన్ను లెక్క ఎలా పుడుతుంది

హైదరాబాద్‌లో నివాసేతర భవనానికి సాలీనా పన్ను లెక్క తేలిగ్గానే కనిపిస్తుంది. నిర్మిత విస్తీర్ణాన్ని చదరపు అడుగు నెల అద్దె విలువతో గుణించి, దాన్ని మళ్లీ 3.5తో గుణించాలి. 400 చదరపు అడుగుల దుకాణానికి అడుగు అద్దె విలువ 20 రూపాయలని నిర్ణయించి ఉంటే ఏడాదికి 28,000. ఈ 3.5 ఏమిటని చాలామంది అడుగుతారు. 12 నెలల అద్దెలోంచి 10 శాతం తరుగు తీసేసి, మిగిలినదానిలో 30 శాతం పన్నుగా పట్టి, దాని మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కలిపి చూడండి. 12ను 0.90తో, 0.30తో, 1.08తో వరసగా గుణిస్తే 3.4992 వస్తుంది. మూడున్నర కథ అదే. ఊళ్లో లైబ్రరీకి వెళ్లినా వెళ్లకపోయినా ప్రతి దుకాణదారూ దానికి డబ్బు కడుతున్నాడు. ఆ సెస్సు 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వచ్చింది. వసూలు చేసేది మునిసిపాలిటీ, చేరవలసింది గ్రంథాలయ సంస్థకు.

ఈ పద్ధతిలో వివాదమంతా "అద్దె విలువ" దగ్గరే పుడుతుంది. అది మనం నిజంగా కట్టే అద్దె కాదు. ప్రాంతాన్ని బట్టి, వాడుకను బట్టి, కట్టడం రకాన్ని బట్టి అధికారులు ఖాయం చేసిన అంకె. ఏళ్ల తరబడి అది కదలకపోతే కొత్తగా నమోదైన దుకాణం ఒక రేటు, గోడకు గోడ ఆనుకున్న పాత దుకాణం ఇంకో రేటు కట్టే పరిస్థితి వస్తుంది. ఇంటికైతే నెల అద్దె విలువను బట్టి 17 నుంచి 30 శాతం దాకా శ్లాబులున్నాయి. దుకాణానికి శ్లాబు లేదు, నేరుగా 30 శాతమే. ఇళ్ల వైపు చేయి సాచడానికి జంకే రాజకీయం, దుకాణాల విషయంలో అంతగా జంకదు. ఓట్ల లెక్కలో వ్యాపారులు కొద్దిమందే కదా.

ఇళ్ల విషయంలో ఆ జంకు ఎలా పనిచేస్తుందో తేదీలు చూస్తే తెలుస్తుంది. 2016 ఫిబ్రవరి 2న జీహెచ్ఎంసీ (మహా హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికలు జరిగాయి. దానికి కాస్త ముందు, ఏడాదికి 1,200 రూపాయల లోపు ఇంటి పన్ను కట్టేవారు 101 రూపాయలు కడితే చాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. తర్వాతి ఎన్నికలు 2020 డిసెంబరు 1న. అందుకు రెండు వారాల ముందు, దీపావళి రోజున, 15,000 రూపాయల లోపు పన్నున్న నగర గృహాలకు ఆ ఏడాది సగం మాఫీ ప్రకటించింది. ఇతర పట్టణాల్లో ఆ హద్దు 10,000. రెండుసార్లూ తగ్గింది కార్పొరేషన్ ఆదాయం, ప్రకటించింది రాష్ట్ర ప్రభుత్వం. కరోనా ఏడాదిలో పేద, మధ్యతరగతి కుటుంబాలకు ఊరట అక్కర్లేదని నేననను. ఎవరి ఖజానాలోంచి తీసి ఎవరు పంచుతున్నారన్నది నా ప్రశ్న. రోడ్డు గుంత పూడ్చలేదని కార్పొరేటర్‌ను నిలదీసే ఓటరుకు ఈ సంగతి తెలియాలి.

ఢిల్లీ నుంచి గాజువాక దాకా

ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. 2020 నవంబరులో నిబంధనలు మార్చి, అద్దె విలువ స్థానంలో ఆస్తి మూలధన విలువను పన్నుకు ఆధారం చేసింది. నివాస భవనాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు హద్దులు పెట్టింది. పెరుగుదల ఏడాదికి 15 శాతం దాటకూడదంది. దుకాణం విలువ 40 లక్షలనుకోండి. కింది హద్దున 8,000, పై హద్దున 80,000. కాగితం మీద కౌన్సిల్‌కు పదింతల వెసులుబాటు. కానీ ఆ 40 లక్షలు అనే అంకె రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువల పుస్తకం నుంచి వస్తుంది. ఆ శాఖ విలువలు సవరించినప్పుడల్లా, స్టాంపు డ్యూటీ కోసం చేసిన పని దుకాణం పన్నులోనూ ప్రతిధ్వనిస్తుంది. అమ్మే ఉద్దేశమే లేనివాడికి స్థలం ధర పెరిగి ఒరిగేదేమీ లేదు, నోటీసు మాత్రం పెరుగుతుంది.

ఈ మార్పు ఎందుకంత హడావుడిగా వచ్చింది? అందుకు ఢిల్లీ వైపు చూడాలి. కరోనా ఏడాదిలో కేంద్రం రాష్ట్రాల అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. పెంచిన దానిలో కొంత భాగానికి సంస్కరణల షరతు పెట్టింది. రేషన్ కార్డులు, వ్యాపార సరళీకరణ, విద్యుత్ పంపిణీ, పట్టణ స్థానిక సంస్థలు అని నాలుగు రంగాలు, ఒక్కోదానికి పావు శాతం. పట్టణాల వాటాలో షరతు ఏమిటంటే, ఆస్తి పన్ను కనీస రేట్లను ప్రాంతంలోని రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టి ప్రకటించాలి, నీటి, మురుగు చార్జీలకూ కనీస రేట్లు పెట్టాలి. ఇది పూర్తిచేసిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందుకు 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి దక్కింది. ఆ తర్వాత 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణాల గ్రాంట్లకు ఆస్తి పన్ను కనీస రేట్ల ప్రకటననూ, వసూళ్ల పెరుగుదలనూ ప్రవేశ షరతుగా పెట్టింది.

ఇప్పుడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. నిబంధనలు 2020 నవంబరులో వచ్చాయి. మునిసిపల్ ఎన్నికలు 2021 మార్చి 10న జరిగాయి. కొత్త పన్ను 2021–22 నుంచి అమలు. గాజువాకలోనో గుంటూరులోనో గెలిచి వచ్చిన కార్పొరేటర్ కుర్చీలో కూర్చునేసరికే పన్ను స్వరూపం తేలిపోయి ఉంది. తాను రాయని పన్నుకు తాను జవాబు చెప్పుకోవలసిన స్థితి. 2021లో పట్టణాల్లో మొదలైన చెత్త సేకరణ చార్జీల కథా ఇలాంటిదే. పెట్టించింది రాష్ట్రం, 2024లో ప్రభుత్వం మారాక ఎత్తేసిందీ రాష్ట్రమే. ఇంటింటికీ తిరిగి తిట్లు తిన్నది మాత్రం వార్డు సిబ్బంది.

అద్దె విలువ కంటే మూలధన విలువ పద్ధతి చెడ్డదని మాత్రం నేననుకోవడం లేదు. పాత లెక్కల్లో ఊరి నడిబొడ్డున కోట్ల విలువైన స్థలం నామమాత్రపు పన్ను కట్టిన సందర్భాలున్నాయి. పద్ధతి మంచిదైనా, నిర్ణయం జరిగిన తీరు ఊరి మనిషిని పక్కనపెట్టింది.

ఇంకో రెండు సంగతులు. తమిళనాడులో వృత్తి పన్ను స్థానిక సంస్థలు వసూలు చేసుకుంటాయి. మన రెండు రాష్ట్రాల్లో దాన్ని రాష్ట్ర ప్రభుత్వమే తీసుకుంటుంది. ఇక రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద స్థానిక పన్ను సాధారణంగా చెల్లదు. రైల్వే ఆస్తులు విస్తారంగా ఉన్న విజయవాడ లాంటి నగరం ఆ మేరకు ఎంత కోల్పోతుందో ఊహించుకోవచ్చు. సొంత ఆదాయం ఇలా అన్ని వైపులా కత్తిరించుకుపోయాక మునిసిపాలిటీకి మిగిలే పెద్ద ఆధారం ఇళ్లూ, దుకాణాలే.

ప్లాను ఒకటి, పైకప్పు ఇంకొకటి

భవన నిబంధనల దగ్గరికొస్తే రాష్ట్రం చేయి మరింత బిగువుగా ఉంటుంది. 2006 మార్చిలో వచ్చిన 86వ జీవో హైదరాబాద్‌లో స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితిని తొలగించింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లను (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీని) బట్టి ఎత్తు తేలే పద్ధతి తెచ్చింది. ఈ రోజు పశ్చిమ హైదరాబాద్‌లో మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాల్సిన టవర్లకు మూలం అక్కడుంది. అంత పెద్ద మార్పు జీవోతో జరిగింది, నగర పాలకవర్గం చర్చించి చేసిన తీర్మానంతో కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7 నాటి 168వ జీవో, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి 119వ జీవో ఇప్పటికీ బిల్డర్ల నోట నలిగే అంకెలు.

ఈ నిబంధనల్లో మంచి ఉపాయాలు లేకపోలేదు. ఒక పరిమాణం దాటిన భవనంలో 10 శాతం నిర్మిత స్థలాన్ని మునిసిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి, ఓసీ (భవనం వాడుకోవచ్చనే ధ్రువపత్రం) తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. తెలంగాణ 2020 నవంబరులో తెచ్చిన ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం టీఎస్ బీపాస్ ఇంకో అడుగు వేసింది. 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, నమోదు చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తులోపు అయితే యజమాని సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు, అది దాటితే అనుమతి వచ్చినట్టే లెక్క. ప్లాను కోసం టౌన్ ప్లానింగ్ సెక్షన్ మెట్లు ఎక్కి దిగి చెప్పులరిగిన వారికి ఇది నిజంగా పెద్ద మేలు.

అయితే ముందు తనిఖీ తగ్గిందంటే, వెనక తనిఖీ గట్టిగా ఉండాలి. సికింద్రాబాద్ మనకు ఆ పాఠాన్ని చాలా క్రూరంగా చెప్పింది. 2022 సెప్టెంబరు 12న రూబీ లాడ్జిలో, కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన మంటలు, పొగకు 8 మంది చనిపోయారు. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులోని దక్కన్ మాల్ భవనం కాలింది, ముగ్గురు కార్మికులు బలయ్యారు. మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక పోయారు. ఆరు నెలల్లో మూడు వ్యాపార భవనాలు, 17 ప్రాణాలు. 1999 అగ్నిమాపక చట్టం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలకు ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తప్పనిసరి చేసింది. అంతకంటే తక్కువ ఎత్తున్న ఇరుకు భవనాల్లో సెల్లార్‌ను గోడౌన్‌గా మార్చినా, మెట్ల దారిని సరుకుతో మూసినా కనిపెట్టవలసింది స్థానిక సిబ్బందే.

స్థానిక సంస్థకు ఆ సంగతులు తెలియవా? ఇక్కడే మొదట చెప్పిన ముడి. అనుమతి లేని కట్టడానికి ఆస్తి పన్నుతో పాటు ఏటా జరిమానా వేసే ఏర్పాటు చట్టంలో ఉంది. అనుమతించిన అంతస్తుల్లోనే సెట్‌బ్యాక్ ఉల్లంఘన 10 శాతం లోపైతే పన్నులో 25 శాతం, దాటితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకైతే 100 శాతం. అంటే పన్ను రెట్టింపు. ఇది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు, కూల్చివేత చర్యలకు అడ్డూ కాదు. చట్టం ఉద్దేశం కట్టడిచేయడం. ఆచరణలో అది ఏడాదికోసారి కట్టే అద్దెలా మారింది. రెవెన్యూ విభాగం ఆ అంతస్తును కొలిచి, వాడుక రాసుకుని, డబ్బు తీసుకుని రశీదు ఇస్తుంది. అదే కార్యాలయంలో టౌన్ ప్లానింగ్ విభాగం రికార్డులో ఆ అంతస్తు ఉండకూడనిది. యజమాని మాత్రం ఆ రశీదునే చూపించి కరెంటు మీటరు, ట్రేడ్ లైసెన్సు, బ్యాంకు అప్పు అడుగుతాడు.

పైగా అప్పుడప్పుడూ క్రమబద్ధీకరణ పథకాలు వస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు ఆఖరున బీపీఎస్. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఒకటి, 2019లో మరొకటి. తెలంగాణలో 2015 నవంబరులో బీఆర్ఎస్ (పార్టీ కాదు, భవనాల క్రమబద్ధీకరణ పథకం), అది హైకోర్టు వివాదంలో చిక్కుకుంది. ప్రతిసారీ ఇదే ఆఖరు అంటారు. ప్లాను ప్రకారం మీటరున్నర వదిలి కట్టుకున్నవాడు పక్కవాడి పథకం కాగితం చూసి ఏమనుకుంటాడో చెప్పనక్కర్లేదు. నిజాయితీగా కట్టినవాడే స్థలం నష్టపోయాడు.

2024 చివర్లో సుప్రీంకోర్టు రెండు వైపుల నుంచీ మాట్లాడింది. నవంబరు 13న, కనీసం 15 రోజుల నోటీసు లేకుండా ఎవరి కట్టడాన్నీ కూల్చొద్దంది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జలవనరుల లాంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకు ఆ రక్షణ వర్తించదంది. డిసెంబరు 17న మరో తీర్పులో, ఎన్నాళ్లు గడిచినా, ఎంత ఖర్చు పెట్టినా అక్రమ నిర్మాణం సక్రమం కాదంటూ, పూర్తి ధ్రువపత్రం చూశాకే బ్యాంకులు అప్పివ్వాలంది. ఆ ఏడాది జూలైలో ఆక్రమణలు తొలగించే సంస్థగా హైడ్రా ఏర్పడినప్పటి నుంచి హైదరాబాద్‌లో చెరువుల చుట్టూ జరుగుతున్న వాదోపవాదాలకు ఈ రెండు తీర్పులూ హద్దురాళ్లు. హైడ్రా కూడా రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిందే.

కుర్చీ ఖాళీగా ఉన్న ఏళ్లు

పాలకవర్గం గడువు ముగిసేలోపే ఎన్నికలు జరగాలని 243 యూ అధికరణం చెబుతోంది. ఇది తప్పనిసరి అని 2006లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ కేసులో తేల్చింది. అయినా విశాఖపట్నం సంగతి చూడండి. 2007లో ఎన్నికైన మహా విశాఖ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తర్వాతి కార్పొరేటర్లు 2021 మార్చిలో వచ్చారు. తొమ్మిదేళ్లు. ఆ మధ్యలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని చీల్చి వెళ్లింది. 2016లో స్మార్ట్ సిటీగా ఎంపికైంది. చెట్లు, రోడ్లు, సముద్రతీరం ఎలా తిరిగి లేవాలో తేలిన కాలంలో 20 లక్షల జనాభా దరిదాపుల్లో ఉన్న నగరానికి ఎన్నికైన సభే లేదు. తెలంగాణలోనూ 2020 జనవరి ఎన్నికల్లో కొలువుదీరిన చాలా పాలకవర్గాల గడువు 2025 జనవరి 26తో ముగిసి, పట్టణాలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ప్రత్యేకాధికారి సమర్థుడే కావచ్చు. కానీ దుకాణం ముందు మురుగు పొంగితే తలుపు తట్టడానికి ఇల్లు ఒకటుండాలి.

అలాగని రాష్ట్ర పర్యవేక్షణే వద్దంటానా? అనను. మంటలు, చెరువులు, నిర్మాణ దృఢత్వం లాంటి విషయాల్లో కనీస ప్రమాణం ఊరికొక తీరుగా ఉండకూడదు. వార్డులో శ్లాబు పడే రోజున వాలిపోయే మనుషుల గురించి మనందరికీ తెలుసు. వాళ్ల మీద పైనుంచి కన్ను ఉండాల్సిందే. పన్ను లెక్క సూత్రం కూడా రాష్ట్రమంతా ఒకేలా ఉంటే మంచిదే. కానీ ఆ సూత్రంలో రేటు ఎంత, మినహాయింపు ఎవరికి, ఆ డబ్బు ఏ వీధిలో ఖర్చవ్వాలి అన్నది ఆ ఊరి సభలో చర్చించి తేల్చుకోవాలి. మాఫీ ప్రకటించిన ప్రభుత్వం ఆ లోటును తన బడ్జెట్‌లోంచి మునిసిపాలిటీకి కట్టివ్వాలి. ఇప్పుడు జరుగుతున్నది చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంది. గట్టిగా ఉండాల్సిన భద్రత తనిఖీలో సడలింపు, సడలించాల్సిన పన్ను నిర్ణయంలో పట్టు.

మళ్లీ ఆ నోటీసు దగ్గరికి వద్దాం. అందులో ఆస్తి పన్ను, గ్రంథాలయ సెస్సు, బకాయి, వడ్డీలతో పాటు అక్రమ నిర్మాణ జరిమానా గడి ఉందేమో చూడండి. ఆ గడి నిండిన భవనాలెన్నో, వాటిలో దుకాణాలు, ఆసుపత్రులు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు ఏవేవో ప్రతి మునిసిపాలిటీ రెవెన్యూ విభాగం దగ్గర అసెస్‌మెంట్ నంబర్లతో సహా నమోదై ఉంటుంది. కౌన్సిల్ సమావేశంలో ఏ సభ్యుడైనా తన వార్డు జాబితా అడగవచ్చు. ఆ జాబితాలోని భవనాల్లో ఎన్నింటికి మెట్ల దారి, నీళ్ల ట్యాంకు, పొగ బయటికి పోయే మార్గం ఉన్నాయో టౌన్ ప్లానింగ్ విభాగాన్ని అదే సమావేశంలో అడగవచ్చు. కౌన్సిల్ లేని ఊళ్లో అదే ప్రశ్నను ఎవరైనా 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుగా పెట్టవచ్చు, జవాబుకు గడువు 30 రోజులు.